బక్కచిక్కిన గుర్రానికి పథ్యం



పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక మన ఊళ్ల శివార్లలో ఒక దృశ్యం కనబడుతూ ఉంటుంది. బైపాస్ రోడ్డు పక్కన, చెత్తకుప్ప దగ్గర, ఒక తెల్ల గుర్రం నిలబడి ఉంటుంది. నిన్నమొన్నటిదాకా పెళ్లికొడుకుని మోసిన గుర్రం అది. నెత్తిన తురాయి ఉన్నప్పుడు అందరూ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముందరి కాలు నేల మీద సరిగ్గా ఆనించడం లేదు. చెత్తలో కూరగాయల తొక్కలు వెతుక్కుంటోంది.

పెళ్లి గుర్రమే కానక్కర్లేదు. బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగిన గుర్రం కావచ్చు. జట్కా లాగిన గుర్రం కావచ్చు. రేసుల్లో నాలుగైదేళ్లు పరుగెత్తి, ఇక గెలవదని తేలాక చేతులు మారిన గుర్రం కావచ్చు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టులు కలిపి 3 లక్షల 40 వేలు తేలాయి. అంతకు ముందు 2012లో తీసిన లెక్కతో పోలిస్తే ఇది దాదాపు సగం. గుర్రానికి పని తగ్గింది. పని తగ్గిన గుర్రాన్ని మేపేవాడూ తగ్గాడు.

అలాంటి గుర్రాన్ని చూసి మనసాగక ఎవరో ఒకరు ఇంటికి తోలుకొస్తారు. లేదా గోశాలలో కట్టేస్తారు. ఈవేళ నా మాటలు ఆ మంచి మనిషి కోసం.

మొదటి రోజు ఏం జరుగుతుందో చెప్పనా? ఇంట్లో అమ్మ ఉలవలు పొయ్యి మీద పెడుతుంది. పెద్దాయన బెల్లం ముక్క తెస్తాడు. పక్కింటావిడ తవుడు కలిపిన కుడితి పట్టుకొస్తుంది. పిల్లలు బిస్కెట్లు. గుర్రం ఆబగా తినేస్తుంది. అందరికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది. మూడో రోజో నాలుగో రోజో కాళ్లు తడబడతాయి. పడిపోతుంది. ఇక లేవదు.

పాపం, అప్పటికే ఆలస్యమైపోయింది అనుకుంటారు అందరూ. కాదండీ. ఆలస్యం కాలేదు. తొందరైంది.

నేను ఈవేళ చెప్పదలచింది ఒక్కటే సంగతి. ఆకలితో చిక్కిశల్యమైన గుర్రానికి కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, గడ్డి మాత్రమే పెట్టాలి. మళ్లీ చెబుతున్నాను. కొంచెం కొంచెంగా. మాటిమాటికీ. గడ్డి మాత్రమే.

ఇది మన ఇళ్లలో తెలియని విషయమేం కాదు. టైఫాయిడ్ వచ్చి లంఖణాలు చేసిన మనిషికి జ్వరం తగ్గిన రోజున ఎవరైనా బిర్యానీ పెడతారా? పలచని గంజి పోస్తారు. మర్నాడు చారునీళ్లతో నాలుగు మెతుకులు. ఆ తరువాత ఎప్పటికో బీరకాయ కూర. ఆకలేస్తోందే అని రోగి ఎంత గోలపెట్టినా మామ్మగారు కరగదు. పథ్యం అంటే పథ్యమే. ఆ మామ్మగారి మొండితనం మనకి గుర్రం దగ్గర కావాలి.

ఎందుకు అంత జాగ్రత్త? కాస్త ఓపిక పట్టి వినండి.

తిండి దొరకని రోజుల్లో ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుని బతుకుతుంది. కొవ్వు అయిపోతే కండ కరుగుతుంది. గుండె కూడా కండేనని గుర్తుపెట్టుకోండి. ఆ స్థితిలో ఉన్న గుర్రానికి ఒక్కసారిగా గింజలు, తవుడు, బెల్లం పెడితే రక్తంలో చక్కెర ఎగబాకుతుంది. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ ఊరుతుంది. ఇన్సులిన్ చక్కెరని రక్తంలోంచి కణాల్లోకి పంపిస్తుంది. ఆ చక్కెరతో పాటు ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కూడా రక్తాన్ని వదిలి కణాల్లోకి వెళ్లిపోతాయి. అసలే ఒంట్లో అవి అడుగంటి ఉన్నాయి. రక్తంలో ఉన్న ఆ కాస్తా ఖాళీ అయితే గుండె గతి తప్పుతుంది. ఊపిరి పీల్చే కండరాలు సత్తువ కోల్పోతాయి. సాధారణంగా ఇది మేత మొదలుపెట్టిన మూడో రోజుకీ అయిదో రోజుకీ మధ్య బయటపడుతుంది.

ఇంకో సంగతి. గుర్రం ఆవు కాదు. ఆవు నెమరేస్తుంది. గుర్రం నెమరెయ్యదు. అంత పెద్ద ఒంటికి దాని జీర్ణాశయం చాలా చిన్నది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది ముందుకే పోవాలి. గింజలు ఎక్కువైతే అరగకుండా పెద్దపేగులోకి చేరి అక్కడ పులుస్తాయి. గ్యాసు పడుతుంది. భయంకరమైన కడుపునొప్పి వస్తుంది. ఆ పులుపు అక్కడితో ఆగదు. అందులో పుట్టిన విషాలు రక్తంలో కలిసి, గిట్టల దాకా పోయి, గిట్ట లోపలి పొరలు వాచేటట్టు చేస్తాయి. నిన్న తిన్న తిండికి ఇవాళ కాళ్లు పడిపోవడం వింతగా ఉంటుంది గాని, గుర్రం ఒళ్లు అలాంటిది.

ప్రేమతో పెట్టిన తిండి గుర్రం ప్రాణం తీయడం కొత్త కాదు. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో దక్షిణాదికి వచ్చాడు. మనకి పొరుగున, పాండ్యుల ఏలుబడిలో ఉన్న తీరాన్ని చూశాడు. ఏటా వేలకొద్దీ గుర్రాలను అరబ్బు, పారశీక రేవుల నుంచి ఓడల్లో దించుకుంటున్నారట. ఏడాది తిరిగేసరికి వాటిలో మిగిలేవి చాలా తక్కువట. కారణం కూడా ఆయనే రాశాడు. ఉడికించిన అన్నం, మాంసం పెడుతున్నారు, సరైన సంరక్షణ తెలిసినవాళ్లు లేరు అని. రాజుగారి గుర్రం కదా, రాజభోజనం పెట్టారన్నమాట. గడ్డి తినే జంతువుకి గడ్డి పెట్టాలన్న సంగతి అంత డబ్బు పోసి కొన్నవాళ్లకి కూడా తట్టలేదు.

సరే. మరి ఎంత పెట్టాలి? ఏ గడ్డి పెట్టాలి?

దీని మీద అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కేరొలిన్ స్టల్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు పనిచేశారు. పస్తులతో బక్కచిక్కిన గుర్రాలకు రకరకాల మేతలు పెట్టి చూశారు. అన్నిటిలోకీ బాగా పనిచేసింది లూసర్న్ గడ్డి. మన పాడిరైతులకు, గొర్రెల పెంపకందార్లకు తెలిసిన లూసర్నే. అందులో పిండిపదార్థం తక్కువ. ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువ. అంటే గుర్రానికి ఏది ప్రమాదమో అది తక్కువగా, ఏది అవసరమో అది ఎక్కువగా ఉందన్నమాట.

వాళ్లు చెప్పిన కొలత ఇది. మొదటి మూడు రోజులూ 4 గంటలకొకసారి, అరకిలోకి కాస్త తక్కువ ఎండు లూసర్న్. అంతే. రోజు మొత్తం మీద మూడు కిలోలు కూడా దాటదు. నాలుగో రోజు నుంచి మెల్లగా పెంచుతూ, విడతలు తగ్గిస్తూ రావాలి. ఆరో రోజుకి రోజుకు ఆరు కిలోలు, మూడు విడతలు. పది రోజులు గడిచాక తిన్నంత గడ్డి పెట్టొచ్చు. ఇది పెద్దజాతి గుర్రం లెక్క. మన పెళ్లి గుర్రాలు, తట్టులు చాలా మటుకు చిన్నవి. వాటికి ఇంకా తగ్గించాలి. పచ్చి లూసర్న్ అయితే తూకం పెరుగుతుంది, ఎందుకంటే అందులో ముప్పాతిక వంతు పైగా నీళ్లే. ఒకపూట వాడబెట్టి పెట్టండి. ఎంతన్నది మీ పశువైద్యుడు గుర్రాన్ని చూసి చెప్పాలి. నేను రేడియోలోంచి మీ గుర్రాన్ని చూడలేను కదా.

4 గంటలకొకసారి అంటే ఏమిటో ఒకసారి గడియారంతో ఆలోచించండి. పొద్దున 6. తరువాత 10. మధ్యాహ్నం 2. సాయంత్రం 6. రాత్రి 10. ఆ తరువాత తెల్లవారుజామున 2. అందరూ తప్పేది ఆ చివరిదే. పొద్దున్నే రెండు వాటాలు కలిపి పెట్టేద్దాంలే అనుకుంటారు. అదే వద్దంటున్నాను. మూడు రాత్రులు అలారం పెట్టుకుని లేవండి. ఇంట్లో నలుగురుంటే వంతులు వేసుకోండి. గుర్రాన్ని కాపాడడం అంటే రోడ్డు మీంచి తోలుకు రావడం కాదు, ఆ మూడు రాత్రులు లేవడం.

లూసర్న్ దొరక్కపోతే? శుభ్రమైన ఎండు పచ్చికగడ్డి మంచిదే. వరిగడ్డితో కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టేది తక్కువ. అత్యవసరానికి పనికొస్తుంది, అదే మేతనుకుంటే కుదరదు.

ఇక పెట్టకూడనివి. పశువులున్న ఇళ్లలోనే ఇక్కడ పొరపాటు జరుగుతుంది. గేదె తింటోంది కదా, గుర్రం తినదా అనుకుంటారు. పచ్చజొన్న చొప్ప గేదెకి కోసి వేస్తాం. అదే గుర్రానికి కొన్నాళ్లపాటు పెడితే మూత్రాశయం దెబ్బతింటుంది, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. బూజుపట్టిన మొక్కజొన్న గుర్రం మెదడునే కరిగిస్తుంది. పారేసే బదులు గుర్రానికి పడేద్దాం అనుకునే గింజలు సరిగ్గా అవే. కోళ్ల దాణా దగ్గరకు కూడా రానివ్వకండి. కోళ్లకు పారుడు రోగం రాకుండా కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. కోడికి అది మందు. గుర్రానికి కొద్దిపాటి మోతాదులోనే విషం, గుండె కండని చంపేస్తుంది. కొన్ని పశువుల దాణాల్లో కూడా ఆ మందు ఉంటుంది. బస్తా మీద చదవండి. గన్నేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. గుడి చుట్టూ, రోడ్డు మధ్య డివైడర్ల మీద అంతా గన్నేరే. ఆకలి మీదున్న గుర్రాన్ని గన్నేరు పొద దగ్గర కట్టేయకండి. కొమ్మలు నరికి పక్కన పడేసినా ప్రమాదమే, ఎండిన ఆకులో కూడా విషం పోదు.

మరి ఉలవలు ఎప్పుడు పెట్టొచ్చు? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఉలవలకీ గుర్రానికీ మన దేశంలో తరాల బంధం. నేను వద్దనడం లేదు. తొందరొద్దంటున్నాను. నెల దాటనివ్వండి. గుర్రం నిలకడగా బరువు పెరుగుతోందని డాక్టరు అంటే, నానేసి ఉడకబెట్టిన ఉలవలు గుప్పెడుతో మొదలుపెట్టండి. గుప్పెడంటే గుప్పెడే. మళ్లీ అదే మాట, కొంచెం కొంచెంగా.

నీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మామూలు గుర్రం రోజుకు పాతిక నుంచి యాభై లీటర్ల దాకా తాగుతుంది. మన ఎండల్లో ఇంకా ఎక్కువే కావాలి. తొట్టి రోజూ కడగాలి. పాచి వాసన వస్తే గుర్రం మూతి పెట్టి వెనక్కి తీసేస్తుంది. తాగింది కదా అనుకుంటాం. తాగలేదు, వాసన చూసిందంతే. పక్కనే కళ్లుప్పు గడ్డ ఒకటి పెట్టండి, కావలసినప్పుడు నాకుతుంది.

నులిపురుగుల మందు వెంటనే వేసేయాలని తొందరపడకండి. కడుపునిండా పురుగులుంటాయి, నిజమే. కానీ నీరసంతో ఉన్న ఒంట్లో అవన్నీ ఒక్కసారి చస్తే పేగు తట్టుకోలేదు. గుర్రం కాస్త కోలుకున్నాక, డాక్టరు చెప్పిన రోజున, చెప్పిన మోతాదులో వేయండి. ధనుర్వాతం టీకా సంగతి మాత్రం మొదటి రోజే అడగండి. ధనుర్వాతానికి గుర్రం లొంగిపోయినంత తేలిగ్గా మిగతా పశువులు లొంగిపోవు. రోడ్డు మీద దొరికిన గుర్రం కాలికి మేకో, తీగో గుచ్చుకోకుండా ఉండదు.

గుర్రం బాగుందో లేదో తెలుసుకోవడానికి గొప్ప చదువేం అక్కర్లేదు. రోజూ లద్దె చూడండి. మామూలుగా మేసే గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు లద్దె వేస్తుంది. ఉండలు ఉండలుగా, కాస్త తడిగా ఉండాలి. పూటంతా లద్దె లేదంటే అనుమానించండి. గుర్రం మాటిమాటికీ తన పొట్ట వైపు తిరిగి చూసుకుంటోందా? కాలితో నేల గీరుతోందా? పడుకుంటూ లేస్తూ దొర్లుతోందా? అది కడుపునొప్పి. మేత తీసేయండి. డాక్టర్ని పిలవండి. ఇంట్లో ఉన్న నూనె, వామునీళ్లు సీసాతో గొంతులో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది.

లావెక్కిందా లేదా అని కంటితో చూసి నిర్ణయించకండి. బొచ్చు దట్టంగా ఉంటే ఎముకలు కనబడవు. అరచెయ్యి పెట్టి పక్కటెముకల మీద నిమరండి. వెన్నెముక మీద, తుంటి మీద, తోక మొదట్లో తడమండి. 1983లో అమెరికాలో హెన్నెకే అనే ఆయన ఇలా తడిమి 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. 1 అంటే ఎముకల గూడు. 9 అంటే కొవ్వుతో ఊబకాయం. 5 దగ్గర ఉంటే మంచిది. పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చేతికి తగలాలి. వారానికొకసారి ఒకే మనిషి, ఒకే చేత్తో చూస్తే తేడా తెలుస్తుంది. 1 నుంచి 5కి రావడానికి నెలలు పడుతుంది. పదిహేను రోజుల్లో తేడా కనబడలేదని మేత రెట్టింపు చేయకండి.

ఇంకో హెచ్చరిక. కొత్తగా తెచ్చిన గుర్రాన్ని పాత గుర్రాలతో వెంటనే కలపకూడదు. కనీసం రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. గ్లాండర్స్ అని ఒక జబ్బు ఉంది. ముక్కులోంచి చిక్కగా చీము కారడం, చర్మం మీద వరసగా గడ్డలు లేచి పగలడం దాని గుర్తులు. ఇది గుర్రం నుంచి మనిషికి అంటుకుంటుంది, మనిషికి వస్తే ప్రాణాంతకం. మన దేశంలో ఇంకా పోలేదు. రక్తపరీక్ష చేయించండి. హర్యానాలో హిస్సార్‌లో అశ్వాల మీద జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. ఈ జబ్బు పరీక్షలకు దేశంలో పెద్ద దిక్కు అదే. మీ ప్రభుత్వ పశువైద్యుడు రక్తం తీయించి పంపుతారు. ఫలితం వచ్చేదాకా ముక్కు తుడిచేటప్పుడు, పుండు కడిగేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. పిల్లల్ని ముద్దులాడనివ్వకండి.

ఇప్పుడు నోటి దగ్గరకు వద్దాం. బలవంతంగా తెరవకండి, పెదవుల మూలలు చూడండి చాలు. అక్కడ చర్మం గట్టిపడి, తెల్లగా మచ్చలు కట్టి ఉంటే అది ముళ్ల కళ్లెం పని. లోపలి వైపు మొనలు దేలిన కళ్లెం అది. పగ్గం లాగినప్పుడల్లా గుచ్చుకుంటుంది. బ్యాండు చప్పుళ్ల మధ్య, బాణసంచా మధ్య గుర్రం బెదరకుండా నిలబడాలంటే ఇదొక్కటే దారి అని కొందరి నమ్మకం. బండి లాగే, బరువు మోసే జంతువులను హింసించకుండా 1965లో కేంద్రం నిబంధనలు చేసింది. ముళ్లున్న కళ్లెం వాడకూడదని అందులో స్పష్టంగా ఉంది. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదనీ, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనిలో పెట్టకూడదనీ కూడా ఉంది. రామగుండంలోనో రెంటచింతలలోనో ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పనికిమాలిన పనిని మనవాళ్లు గుడ్డి గుర్రాలకు పళ్లు తోమడం అంటారు. నాకు ఆ మాట వింటే కాస్త బాధ. గుడ్డిదైనా కుంటిదైనా గుర్రం పళ్లు చూడాల్సిందే. గుర్రం పన్ను జీవితమంతా పైకి వస్తూనే ఉంటుంది, నమలడంలో అరుగుతూ ఉంటుంది. సమంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్ని కోస్తాయి. మేత తొట్టి కింద చూడండి. సగం నమిలిన గడ్డి, పొడుగ్గా, లాలాజలంతో తడిసి, ముద్దలు ముద్దలుగా పడి ఉందా? చేత్తో తీసి విప్పి చూడండి. పోచలు నలగలేదు. అంటే గుర్రం తింటున్నట్టు కనబడుతోంది గాని మింగలేకపోతోంది. ఎంత మేత పెట్టినా ఒళ్లు పట్టదు. తెలిసిన పశువైద్యుడు ఆకురాయితో ఆ అంచులు అరగదీస్తే వారంలో తేడా కనబడుతుంది. కానీ ఇది మొదటి వారం పని కాదు. మత్తుమందు తట్టుకునే సత్తువ రానివ్వండి.

గిట్టలు కూడా అంతే. నిర్లక్ష్యంగా వదిలేసిన గిట్ట ముందుకు సాగి, చెప్పు మొనలాగా పైకి తిరుగుతుంది. ఒక్కరోజులో కోసి సరిచేద్దామంటే కుదరదు. కాలి నరాలూ కీళ్లూ ఆ వంకరకే అలవాటు పడి ఉంటాయి. ప్రతి ఆరు, ఎనిమిది వారాలకొకసారి కొంచెం కొంచెం తీయించాలి. మీరు రోజూ చేయాల్సింది ఒకటుంది. కాలెత్తి, మడమ వైపు నుంచి ముందుకు, గిట్ట అడుగున ఇరుక్కున్న మట్టి, లద్దె, గులకరాళ్లు తీయాలి. మధ్యలో మెత్తగా, త్రికోణంగా ఉండే భాగం జాగ్రత్త. నల్లగా కారుతూ, ముక్కు మూసుకునే కంపు కొడుతోందంటే కుళ్లు పట్టింది. కారణం చాలాసార్లు తడి నేలే. కట్టేసిన చోట మూత్రం నిలవకుండా చూస్తే సగం వైద్యం అయినట్టే. నాడాల గురించి ఇప్పుడే ఆలోచించకండి. పని లేని గుర్రానికి మెత్తని నేల మీద నాడాలు అక్కర్లేదు.

కాలెత్తాలి అన్నాను. దెబ్బలు తిన్న గుర్రం కాలివ్వదు. మొదట దగ్గరకే రానివ్వదు. ఇక్కడ కూడా పథ్యమే. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ.

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా నుదుటి ముందు కాస్త చోటు, తోక వెనక కాస్త చోటు మాత్రం దానికి కనబడవు. మనం ప్రేమగా నిమరడానికి చెయ్యి చాచేది ఆ నుదుటికే. భయపడదా మరి! భుజం వైపు నుంచి రండి. మాట్లాడుతూ రండి. ఏం మాట్లాడినా ఫరవాలేదు, గొంతు ఒకేలా ఉండాలి. మొదటి రోజు పక్కన నిలబడి వచ్చేయండి. మర్నాడు భుజం మీద చెయ్యి వేయండి. గుర్రం బిగుసుకుంటే ఆగండి, వదులైన క్షణంలో మీరే చెయ్యి తీసేయండి. వదిలేస్తారన్న నమ్మకం కుదిరితేనే పట్టుకోనిస్తుంది. మెడ, వీపు, ఆ తరువాత కాలు. కాలి మీద చెయ్యి వేయడానికే వారం పట్టొచ్చు. పట్టనివ్వండి.

గుర్రం మనిషిని ఎంత సూక్ష్మంగా కనిపెడుతుందో చెప్పే కథ ఒకటుంది. నూట ఇరవై ఏళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని దేశమంతా మోగిపోయింది. మూడూ రెండూ ఎంత అంటే కాలితో అయిదుసార్లు తట్టేది. 1907లో ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు గుట్టు విప్పాడు. సరైన అంకె రాగానే అడిగేవాడి తల రవంత కదులుతోంది. ఆ సంగతి వాడికే తెలియదు. గుర్రానికి తెలిసిపోతోంది, తట్టడం ఆపేస్తోంది. హాన్స్‌కి లెక్కలు రావని అందరూ నవ్వుకున్నారు. నాకైతే ఇదే ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది. మీరు లోపల భయపడుతూ, విసుక్కుంటూ పక్కన నిలబడితే దానికి తెలియకుండా ఉండదు.

ఒంటరిగా ఉంచకండి. గుర్రం మందలో బతికే జంతువు. ఇంకో గుర్రం లేకపోతే గాడిదో, మేకో, ఆవో కంటికి కనబడేటట్టు ఉండాలి.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. అన్ని గుర్రాలూ బతకవు. 1930లో డొరోతీ బ్రూక్ అనే ఇంగ్లీషావిడ సైన్యాధికారి అయిన భర్తతో కైరో వెళ్లింది. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక బ్రిటిష్ సైన్యం తన గుర్రాలను వేలకొద్దీ ఈజిప్టులోనే అమ్మేసి వెళ్లిపోయింది.  యుద్ధం ముగిసిన పన్నెండేళ్లకు ఆ గుర్రాలు కైరో వీధుల్లో, ముసలితనంలో, బళ్లు లాగుతూ ఆమెకు కనబడ్డాయి. 1931లో లండన్ పత్రిక మార్నింగ్ పోస్ట్‌కి ఉత్తరం రాసింది. చందాలు వచ్చాయి. మూడేళ్లలో 5 వేల గుర్రాలను కొంది. వాటిలో ఎక్కువ భాగానికి ఆమె ఇవ్వగలిగింది కాస్త విశ్రాంతి, కాస్త మేత, ఆ తరువాత నొప్పిలేని చావు. అంతకు మించి వాటి ఒంట్లో మిగల్లేదు. 1934లో అక్కడే ఒక ఆసుపత్రి పెట్టింది, పేదవాళ్ల గుర్రాలకు, గాడిదలకు ఉచితంగా వైద్యం చేయడానికి. బండివాడిని తిట్టడం కన్నా వాడి గుర్రానికి మందు వేయడం మేలని ఆమెకు అర్థమైంది. ఆమె పేరు మీద నడిచే సంస్థ ఈనాటికీ ఉంది, మన దేశంలోనూ పనిచేస్తోంది.

ఎందుకు చెప్పానంటే, విరిగిన కాలుతో, లేవలేక, ఒరుసుకుపోయిన పుళ్లతో పడి ఉన్న గుర్రాన్ని నెలల తరబడి అలాగే ఉంచడం దయ అని కొందరు అనుకుంటారు. నేను అనుకోను. ఆ నిర్ణయం పశువైద్యుడు చేయాలి, మీరు పక్కన ఉండాలి.

ఇంకో మాట. గుర్రం పాతిక, ముప్పై ఏళ్లు బతుకుతుంది. రేసుల నుంచి వచ్చిన ఆరేళ్ల గుర్రానికి ముందర ఇంకా ఇరవై ఏళ్లుంటాయి. మీ అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పుడు తెచ్చిన గుర్రం, వాడి పిల్లలు బడికి వెళ్లే నాటికి కూడా మేత అడుగుతూనే ఉంటుంది. అంత స్థోమత లేకపోతే తేవద్దు. 1962 నంబరుకి ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి అదే నంబరు. వాళ్లు వచ్చేదాకా నీడ, నీళ్లు, గుప్పెడు గడ్డి. అదీ సాయమే.

నాలుగైదు నెలలు గడుస్తాయి. గుర్రం నునుపెక్కుతుంది. మిమ్మల్ని చూసి సకిలిస్తుంది, తొట్టిని కాలితో తన్నడం, చొక్కా కొరకడం లాంటి అల్లరి మొదలవుతుంది. అప్పుడు పిల్లలు అడుగుతారు, ఎక్కొచ్చా అని. వీపు మీద కండ నిండిందా? కుంటు పూర్తిగా పోయిందా? జీను పెట్టే చోట పాత పుండు మాని, చర్మం గట్టిపడిందా? ఈ మూడూ డాక్టరు చేత పరీక్ష చేయించండి. కొన్ని గుర్రాల విషయంలో సరే అంటారు. అప్పుడు కూడా మొదట పది నిమిషాలే, మెత్తని నేల మీద, తేలికపాటి మనిషి. చాలా గుర్రాల విషయంలో ఇక వద్దు అంటారు. వద్దంటే పిల్లల చేతికి మాలీషు బ్రష్షు ఇవ్వండి. మెడ నుంచి మొదలుపెట్టి, బొచ్చు వాలిన వైపే దువ్వమనండి.